రెండు ముఖాలు, ఒక అరచెయ్యి

పాలవాగు ఈది ఒడ్డెక్కేసరికి తూరుపు తెల్లబడుతోంది. యువరాజు ఇంద్రనీలుడు ఒంటికంటిన నాచు కూడా దులుపుకోకుండా, మణిశిల నగరం వెలుపల చాకలిరేవు పక్కనున్న పూరింటి తలుపు తట్టాడు. గద్దలకొండ గుహలో మాంత్రికుడు కాకోలుడు వేసిన సంకెళ్ల మచ్చలు అతని మణికట్ల మీద ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆ సంకెళ్లు తెంచుకుని, కొండచిలువల లోయ దాటి, ఆగకుండా పరుగెత్తి వచ్చినవాడికి ఆ గుడిసె తలుపు కోటగుమ్మం కన్నా గొప్పగా కనిపించింది.

"ఎవరదీ?"

"నేనవ్వా!"

"నేనంటే? ఊళ్లో ప్రతివాడూ నేనే. పేరు చెప్పి ఏడు."

పేరు చెప్పే అవసరం రాలేదు. తలుపు సందులోంచి ముఖం చూసిన దాది పైడమ్మ అతన్ని జుట్టు పట్టుకుని లోపలికి లాగి, గడియ వేసి, పైన రోకలి కూడా అడ్డం పెట్టింది. ఆ తరువాతే ఏడవడం మొదలుపెట్టింది.

"ఓరి నా తండ్రే! నా కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసిన ఒళ్లు ఇలా చిక్కి శల్యమైపోయిందేం బాబూ! నిన్న దండోరా వేశారు. యువరాజు ముఖం తగిలించుకుని ఒక మాయావి తిరుగుతున్నాడట. కనపడితే తల తెచ్చినవాడికి అగ్రహారమట. అసలు యువరాజు కోటలోనే ఉన్నాడట, మౌనవ్రతం పట్టాడట, ఇవాళే పట్టాభిషేకమట!"

"కోటలో ఉన్నవాడు కాకోలుడి శిష్యుడు తుంగడవ్వా. గుహలో నాకు అన్నం పెట్టేవాడు. ఎప్పుడూ ముసుగులోనే ఉండేవాడు. గురువు చూడకుండా దాహానికి ఇన్ని నీళ్లు కూడా పోసేవాడు. ఉన్నట్టుండి కనబడడం మానేశాడు." ఇంద్రనీలుడు పళ్లు బిగించాడు. "వాడికి నా బట్టలు తొడగొచ్చు. నా కత్తి కట్టొచ్చు. నాన్నగారి చేతిని ఎలా మోసం చేశారన్నదే నాకు అంతుపట్టడం లేదు."

ఆ సందేహం న్యాయమైనదే. గజకేసరి మహారాజుకు కళ్లు పోయి చాలాకాలమైంది. అప్పటినుంచీ కొడుకు పొద్దున్నే వచ్చి పాదాలకు మొక్కితే, ఆయన నుదుటి నుంచి గడ్డం దాకా ఒక్కసారి అరచేత్తో నిమిరేవాడు. "చూపు పోతే పోయింది, నా కొడుకు నా అరచేతిలో ఉన్నాడు," అని సభలో మురిసిపోయేవాడు. రంగులూ, గడ్డాలూ, తలపాగాలూ కళ్లున్నవాళ్లను మోసం చేయడానికే గాని, అలాంటి చేతిని ఏం చేస్తాయి?

"గుహలో నిన్ను ఆ మాంత్రికుడు ఏం చేసేవాడు?" అంది పైడమ్మ హఠాత్తుగా.

"మొదట్లో రోజూ వచ్చి, కళ్లు మూసుకుని, నా ముఖమంతా వేళ్లతో నొక్కి చూసేవాడు. ముక్కు దూలం, కణతలు, దవడ... పిచ్చివాడనుకున్నాను."

"పిచ్చా పాడా! నీ ముఖాన్ని చేత్తో చదువుకున్నాడు. ఇప్పుడు ఆ శిష్యుడి ముఖాన్ని రోజూ తెల్లారగట్ల నీ ముఖంలా ఒత్తుతున్నాడు."

"ఒత్తితే ముఖం మారుతుందా అవ్వా?"

పైడమ్మ కళ్లు తుడుచుకుని నవ్వింది. మణిశిలలో పుట్టిన ప్రతి బిడ్డ ముక్కూ ఆమె వేళ్ల మధ్య నలిగిందే. "పైడమ్మ చేతిలో పడితే కాకిపిల్లయినా చిలకైపోతుందని ఊరంతా అంటారు. నేనూ ఔననే అంటాను. పెట్టే చీర ఎందుకు కాదనుకోవాలి? నీకు మాత్రం నిజం చెబుతాను విను. తాత ముక్కు మనవడికి రావలసి ఉంటే వచ్చి తీరుతుంది. ఎముక ఎవరి మాటా వినదు బాబూ. కండ వింటుంది, అదీ కాసేపే. నానిన పిండిని వేలితో నొక్కితే గుంట పడి, మళ్లీ పొంగుతుంది చూడు, అలాగ. పొద్దున ఒత్తిన ముఖం సూర్యుడు నడినెత్తికొచ్చేదాకా నిలుస్తుంది. ఆ పైన ఎవడి ముఖం వాడికొచ్చేస్తుంది."

ఇంద్రనీలుడు చివాలున లేచాడు. "పట్టాభిషేకం ఎన్నింటికి?"

"మిట్టమధ్యాహ్నం. కిరీటం పెట్టేసి, మీ నాన్నగారు తపస్సుకని, కోటలో గురువై కూర్చున్న ఆ కాకోలుడి వెంట గద్దలకొండకి వెళతారట."

గద్దలకొండ గుహలోకి వెళ్లే దారి ఇంద్రనీలుడు చూశాడు. ఆ దారి పొడుగునా పరిచి ఉన్నవి గులకరాళ్లు కావు, ఎముకలు. కళ్లు లేని తండ్రి ఆ ఎముకల మీద తడుముకుంటూ నడవడం అతని కళ్ల ముందు మెదిలింది. కిరీటం ఎవడి నెత్తిన ఉన్నా ఫరవాలేదు, తండ్రి ఆ గుమ్మం తొక్కకూడదు. అతను పైడమ్మ ముందు చాప మీద వెల్లకిలా పడుకున్నాడు.

"నా ముఖం మార్చు. ఈ ముఖంతో కోటగుమ్మం దాటలేను. వేరే ముఖంతో లోపలికి వెళతాను. మధ్యాహ్నానికి నా ముఖం నాకొస్తుంది, వాడి ముఖం వాడికి పోతుంది. నాన్నగారి చెయ్యి చాలు నాకు."

"నేను తీర్చిన ముక్కుని నేనే అణచాలా?" అంటూనే ఆమె ఆముదం వేడి చేసింది. ఆ ముసలి వేళ్లలో అంత బలం ఎక్కడ దాక్కుందో గాని, ఇంద్రనీలుడికి కొండచిలువే నయమనిపించింది. ముక్కుని అదిమింది, బుగ్గలు గిల్లి గిల్లి వాపు తెప్పించింది, కనుబొమల మీది చర్మాన్ని కిందికి జార్చింది. ఒత్తుతూనే తనలో తాను మాట్లాడుకుంది.

"కోటలో ఇద్దరు బిడ్డలకే ఇంత శ్రమపడ్డాను. నీకూ, మీ చిన్నాన్న రణకేసరి బాబు కొడుక్కీ. ఆ బిడ్డ దవడ నా మాట వినలేదు. వాళ్ల నాన్న దవడే, కొడవలి మొనలా ముందుకి పొడుచుకొచ్చేది. ఎంత ఒత్తితే అంత ఏడ్చేవాడు. ఇంతలో పాలవాగులో పడవ మునిగి తల్లీ, తండ్రీ, బిడ్డా... శవాలన్నా దొరకలేదు." ముక్కు చీది, ఇంద్రనీలుడి చేతికి నీళ్ల చెంబు ఇచ్చింది. "చూసుకో. నవ్వకు, ఏడవకు, వేడినీళ్లు తగలనివ్వకు."

చెంబు నీళ్లలోంచి ఒక బొండుముక్కు మోటువాడు ఇంద్రనీలుడి వంక చూశాడు.

పొద్దు తాడిచెట్టంత ఎక్కేసరికి, పైడమ్మ ముందూ, కుంకుడుకాయల బస్తా మోస్తున్న మోటువాడు వెనకా కోటగుమ్మం చేరారు. ద్వారపాలకుల నాయకుడు ఈటె మొనతో అతని గడ్డం పైకెత్తి, అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"ఎవడు వీడు?"

"నా అక్క మనవడు బాబూ. ఒళ్లు పెరిగింది గాని బుర్ర పెరగలేదు."

నాయకుడు నవ్వి దారి ఇచ్చాడు. గండం గడిచిందనుకునేలోగా ఇంకొకటి తొండం చాచింది. గుమ్మం పక్కన అలంకరించి నిలబెట్టిన పట్టపుటేనుగుకు మనుషుల ముఖాలతో పనిలేదు, వాసన చాలు. అది ఘీంకరించి, చిన్నప్పటినుంచీ తనకు చెరకు తినిపించిన చేతిని తొండంతో చుట్టేసుకుంది. భటులు బిత్తరపోయారు. నాయకుడి చూపు మారింది.

"ఇది యువరాజావారి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఇలా..."

మాట పూర్తికాకముందే పైడమ్మ మనవడి వీపు మీద చాచి ఒక్కటి చరిచింది. "సచ్చినోడా! మళ్లీ రొంటిన బెల్లం దాచావా? ఏనుక్కి తెలిసిపోయింది, భటులకి తెలీదనుకున్నావా? పద లోపలికి, నీ పని చెబుతాను!" చరిచింది, తిట్టింది, చెవి పట్టుకుని ఈడ్చింది. భటులు నవ్వుతూ ఉండగానే ఇద్దరూ గుమ్మం దాటేశారు.

లోపల మంగళవాద్యాలు మోగుతున్నాయి. సంగతి ఇంద్రనీలుడికి అర్థమైంది. మధ్యాహ్నమైతే శిష్యుడి ముఖం జారిపోతుందని తెలిసిన కాకోలుడు, గ్రహాల వంక పెట్టి ముహూర్తాన్ని ముందుకు జరిపించాడు!

కొలువుకూటం దేవేంద్రుడి సభను వెక్కిరిస్తున్నట్టుంది. స్ఫటిక స్తంభాలకు చుట్టిన ముత్యాల సరాలు, నేలంతా పరిచిన కుంకుమపువ్వు రంగు తివాచీలు, పైన నెమలికన్నుల పందిరి, దాని కింద పగడాల పీట. ఆ పీట మీద సాక్షాత్తూ ఇంద్రనీలుడే కూర్చుని ఉన్నాడు! తన ముఖాన్ని తన ఎదుటే చూసుకుని ఇంద్రనీలుడు ఒక్కక్షణం నిర్ఘాంతపోయాడు. పీట పక్కన కాకోలుడు, మెడలో గద్దగోళ్ల హారంతో, చేతిలో పాముతల కర్రతో నిలబడ్డాడు. ఎదురుగా కళ్లు లేని మహారాజు, రెండు చేతులా కిరీటం ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"ఆగండి, నాన్నగారూ!"

వాద్యాలు ఆగిపోయాయి. ఇంద్రనీలుడు బస్తా విసిరేసి భటులను తోసుకుంటూ పోయి తండ్రి పాదాల మీద పడ్డాడు. "నేను ఇంద్రనీలుణ్ణి. ఆ పీట మీదున్నవాడు మీ కొడుకు కాదు!"

కాకోలుడు ముందు ఉలిక్కిపడ్డాడు. ఆ మోటు ముఖాన్ని చూశాక వికవికా నవ్వాడు. "రాజా, మనం దండోరా వేయించిన మాయావి ఇతగాడే కాబోలు. పాపం, ముఖం తెచ్చుకోవడమే మరిచిపోయాడు. నిమిరి చూడండి!"

గజకేసరి కిరీటాన్ని మంత్రి చేతికిచ్చి వంగాడు. అరచెయ్యి ఇంద్రనీలుడి నుదుటి మీద ఆనింది. అణగిన ముక్కు దగ్గర ఆగింది. వాచిన బుగ్గల మీద తడబడింది. చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది.

"గొంతు నా కొడుకుదే," అన్నాడు మహారాజు మెల్లగా. "గొంతులు దొంగిలించే పగటివేషగాళ్లని చాలామందిని చూశాను. నువ్వు నా కొడుకువి కావు."

లోయలో కొండచిలువ చుట్టినప్పుడు రాని కన్నీళ్లు ఇంద్రనీలుడికి అప్పుడు వచ్చాయి. ఆ చెయ్యి తనను కాదనడం అతను కలలో కూడా ఊహించలేదు. అయితే ఏడుస్తూ కూర్చోవడానికి వ్యవధి లేదు. భటులు రెండు రెక్కలూ విరిచి పట్టుకుంటుండగా అతను సభంతా వినబడేలా అరిచాడు.

"మహారాజా! నా ముఖం అబద్ధమే, ఒప్పుకుంటున్నాను. అతని ముఖమూ అబద్ధమే. ముఖాన్ని కడిగి చూడండి! తలంటి పోసుకోకుండా పట్టం కట్టుకున్న రాజు మణిశిలలో ఒక్కడైనా ఉన్నాడా?"

సభలో గుసగుసలు బయలుదేరాయి. నలుగు పెట్టి, కుంకుడురసంతో తలంటి, మరిగిన నీళ్లతో మంగళస్నానం చేయించనిదే పట్టమేమిటని ముసలి సామంతులు తలలూపారు.

"యువరాజు మంత్రస్నానం చేశాడు. ముహూర్తం మించిపోతోంది!" కాకోలుడి గొంతులో మొదటిసారి తొందర వినిపించింది.

మహారాజు ఆ తొందరను విన్నాడు. కళ్లు లేనివాడి చెవులు మరి! "నా పట్టానికి పైడమ్మ వాళ్లమ్మ తలంటింది. మంత్రాలతో మట్టి పోవడం నేనెక్కడా వినలేదు. ముహూర్తం మళ్లీ పెట్టుకోవచ్చు. పైడమ్మ వచ్చిందా? ఇద్దరికీ తలంటి పొయ్యి, నా ఎదుటే."

క్షణాల మీద ముంగిట్లో గాడిపొయ్యి తవ్వారు, గంగాళాలు ఎక్కించారు, కుంకుళ్లు చితక్కొట్టారు. రెండు పీటల మీద ఇద్దరు ఇంద్రనీలులూ కూర్చున్నారు. పైడమ్మ కొంగు దోపి ఇద్దరికీ మాడు నుంచి పాదాల దాకా నువ్వులనూనె పట్టించింది. రాజ్యం ఎటు పోతేనేం, నూనె విషయంలో ఆమె పిసినారితనం చేసే మనిషి కాదు.

మొదటి చెంబు కుంకుడురసం తుంగడి నెత్తిన పడింది.

"బాబోయ్! కళ్లు! నా కళ్లు మండిపోతున్నాయి!"

అలా మౌనవ్రతం భంగమైంది. గొంతు యువరాజుది కాదని సభంతా తెలిసిపోయింది. "కళ్లు మూసుకోమంటే వినవేం!" అని పైడమ్మ ఇంకో చెంబు పోసింది. తుంగడు ముఖమంతా ముడిచి, విప్పి, చేతుల్తో రుద్దుకుని, తుమ్మి, మళ్లీ ముడిచాడు. పొగలు కక్కే నీళ్ల కింద, తెల్లారగట్ల నుంచి కాకోలుడు పడ్డ పాటంతా నురుగుతో పాటు కొట్టుకుపోసాగింది. పక్క పీట మీద ఇంద్రనీలుడు కళ్లు మండుతున్నా ఉలకలేదు, పలకలేదు. వేడి తగిలి ముఖం లోపల కండ సడలడం అతనికి తెలుస్తోంది.

"ఇంతేనా నీ తలంటు!" అని గర్జించి కాకోలుడు పాముతల కర్రను ఇంద్రనీలుడి మీదికి విసిరాడు. అది గాలిలోనే తాటిబోదెంత కొండచిలువై అతన్ని మెడ దాకా చుట్టేసింది. కళ్ల నిండా కుంకుడురసం, ఏమీ కనబడదు. పాము బిగించింది. బిగించినకొద్దీ నూనె ఒంటి మీద దాని పట్టు జారిపోయింది! ఇంద్రనీలుడు ఊపిరంతా వదిలి, ఒళ్లు సన్నం చేసి, తడిసిన కుంకుడుగింజలా సర్రున పైకి జారి బయటపడ్డాడు. పడుతూనే తోక దొరకబుచ్చుకుని, గిరగిరా తిప్పి, గాడిపొయ్యిలోకి విసిరాడు. మంటల్లో పడ్డది పాము, మాడింది కర్ర.

ఆ గందరగోళంలో ఎవరూ తోడు లేకుండానే గజకేసరి మెట్లు దిగి వచ్చాడు. నురుగోడుతున్న కొడుకు ముఖం మీద చెయ్యి వేశాడు. నుదురు, నిటారైన ముక్కు, గడ్డం.

"నాయనా," అన్నాడు. కాదన్న నోటితోనే కొడుకు తడి తలను ముద్దు పెట్టుకున్నాడు.

"రెండోవాణ్ణి బంధించండి!" అని మంత్రి కేకవేశాడు. పైడమ్మ మాత్రం కదలలేదు. ఆమె రెండు చేతులూ తుంగడి చెంపల మీద అలాగే ఉండిపోయాయి.

"దొరా," అంది ఆమె. "ఇలా వచ్చి ఈ దవడ చూడండి. ఈ దవడ నా చేతికి తెలుసు."

మహారాజు అరచెయ్యి తుంగడి ముఖం మీద దిగింది. ఒత్తిడి వదిలిన ఆ ముఖంలో దవడ కొడవలి మొనలా ముందుకు పొడుచుకువచ్చి ఉంది. ఆ చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది.

"రణకేసరి... ఇది నా తమ్ముడి దవడ!"

తుంగడు మంటలెత్తే కళ్లతో తల అడ్డంగా ఊపాడు. "నాకు తండ్రి లేడు. వాగులో కొట్టుకొస్తుంటే గురువుగారు తీసి పెంచారు."

"తీసి పెంచానా? అలా అని నమ్మావు, వెర్రివాడా!" కాకోలుడి నవ్వుకు పందిరిలో నెమలికన్నులు రాలాయి. అతను మెడలోని గద్దగోళ్ల హారాన్ని తెంచి గాలిలోకి ఎగరేశాడు. ఆకాశం చీకటి చేస్తూ ఒక మహాగద్ద ముంగిట్లో వాలింది. కాకోలుడు దాని వీపెక్కాడు. "పరాయివాడి ఎముక మీద ఇంకొకడి ముఖం నిలవదు రాజా! ఒకే వంశం ఎముక కావాలి. అందుకే ఆ పడవను మాయం చేసి పసివాణ్ణి దాచాను. నీ తమ్ముడు ఇంకా బతికే ఉన్నాడు, నా గుహ అడుగున. పొద్దుగుంకేలోగా ఆ గుహ నోరు మూసేస్తాను. ఇక వెతుక్కోండి!"

గద్ద రెక్క విదిలించింది. గంగాళాలు బోర్లాపడ్డాయి. ఇంద్రనీలుడు తండ్రి చేతిని కళ్లకద్దుకుని, వదిలి, పరుగెత్తి, ఎగిరి గద్ద కాలు పట్టుకున్నాడు. నూనె చేతులు జారుతున్నాయి. ఒక చెయ్యి జారిపోయింది కూడా. అప్పుడు కింది నుంచి ఎవరో అతని నడుముని ఎత్తి పట్టుకుని, రెండో కాలికి తాను వేలాడారు. చూస్తే తుంగడు.

"గుహ అడుగుకి దారి నాకు తెలుసు," అన్నాడు అతను, కొడవలి దవడ బిగించి. "అక్కడున్న ఆ ముసలాయనకి కూడా ఇన్నేళ్లూ అన్నం పెట్టింది నేనే."

గద్ద కోటబురుజులు దాటి గద్దలకొండ వైపు తిరిగింది. కింద ముంగిట్లో కిరీటం పట్టుకుని మంత్రి నోరు తెరిచి నిలబడ్డాడు. కళ్లు లేని రాజు రెండు అరచేతులూ ఆకాశం వైపు చాచాడు. ఒక అరచేతికి కొడుకు ముఖం తడి, ఇంకో అరచేతికి తమ్ముడి దవడ తడి ఇంకా ఆరలేదు.